పలమనేరు బండ, మద్రాసు ప్రోగ్రాం

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక సందులో కృష్ణస్వామి గారి ఇల్లంటే తెలియనివాళ్ళు లేరు. గుడిలో ప్రబంధం చదివే గోష్ఠిలో ఆయనది పెద్ద గొంతు. ఒక్కగానొక్క కూతురు కుముదవల్లి. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి పక్కన కూర్చుని పాశురాలన్నీ నేర్చుకుంది గానీ పిల్ల మనసంతా లెక్కల మీదే ఉండేది. ఎమ్మెస్సీ అయ్యాక రెండు మూడు సంబంధాలు వచ్చి తప్పిపోయాయి. చుట్టాలు గుసగుసలాడుకుంటే కృష్ణస్వామి గారే అన్నాడు. "ఎవురేమన్నా అనుకోనీ అమ్మా. నీ చదువు నీకు అన్నం పెడితే చాలు."

పెట్టింది. ఊరి బయట నీళ్ళ సర్వే కోసం పెట్టిన చిన్న పరిశోధన కేంద్రంలో ఆమెకు ఉద్యోగం దొరికింది. అక్కడ మునికృష్ణ అని చిత్తూరాయన, భూగర్భ శాస్త్రం చదివినవాడు. జీపేసుకుని రైతుల చేన్లకు పోయి, నేలలో ఇనుప కడ్డీలు దిగేసి, కరెంటు పంపించి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో మీటరులో చూసి రాసుకొచ్చేవాడు. తడి నేల కరెంటును సులువుగా పోనిస్తుంది కాబట్టి అంకె చిన్నదిగా వస్తుంది. ఎండు బండ పోనివ్వదు, అంకె పెద్దదవుతుంది. ఆ అంకెలు చూసి ఎంత లోతులో మెత్తన ఉంది, ఎంత లోతులో బండ ఉంది, నీళ్ళు ఎక్కడుండొచ్చు అని తేల్చేది కుముదవల్లి. మొదట్లో అంతా చేత్తోనే. ఒక చేనికి ఒక పూటంతా పట్టేది.

ఎనభై రెండులో మద్రాసులోని ఒక సంస్థ ఈ లెక్క చేసే కంప్యూటర్ ప్రోగ్రాం పంపించింది. రాసినవాడి పేరు ప్రేమానందం. తిరుపతిలో ఒక కాలేజీలో కంప్యూటర్ ఉండేది. కుముదవల్లి అంకెలను కార్డుల మీద చిల్లులు పొడిపించుకుని, డబ్బాలో పెట్టుకుని రిక్షాలో తీసుకుపోయేది. ఆ చల్లటి గదిలో మిషను గడగడమని కాగితం కక్కేది. పూట పట్టే పని రెప్పపాటులో అయిపోతుంటే ఆమెకు పండగగా ఉండేది. చేత్తో లెక్క వేయడం మెల్లగా మానేసింది.

మరుసటి ఏడు వానలు పూర్తిగా మొహం చాటేశాయి. బావులన్నీ అడుగంటాయి. మునికృష్ణకు జీపు దిగే తీరికే లేదు. పలమనేరు అవతల ఒక పల్లెలో కుప్పయ్య అనే రైతు చేన్లో కూడా కడ్డీలు దిగేసి చూశాడు. కాగితం ఏం చెప్పిందంటే, మనిషెత్తు లెక్కన ఎనిమిది నిలువుల దాకా మెత్తటి సుద్దరాయి, దాని అడుగున నీళ్ళు. కుప్పయ్య, ఆయన పెళ్ళాం మునెమ్మ, ఇద్దరు కూలీలు కలిసి బావి మొదలుపెట్టారు.

అప్పటికే ఇద్దరు రైతులు వచ్చి, మీరు చెప్పిన చోట రాయి పడిందని గొణుక్కుంటూ పోయారు. ఒక పొద్దున కుప్పయ్య కూడా వచ్చాడు. బక్కపలచటి మనిషి, నెత్తిన తువ్వాలు. కోపంగా రాలేదు. అడగడానికి వచ్చాడు.

"అమ్మా, మీరు ఎనిమిది నిలువులు మెత్తన అన్నారు. నాలుగు దిగేతలికే బండ తగిలినాది. గడ్డపార ఏస్తే నిప్పురవ్వలు లేస్తా ఉండాయి. నిలపమంటారా, తవ్వమంటారా?"

మునికృష్ణ కాగితం తెప్పించి చూశాడు. "నడాన గుండురాయి అడ్డమొచ్చింటాది కుప్పయ్యా. దాన్ని పగలగొడితే కింద మెత్తనే."

"అట్లయితే తూటాలు పెట్టి పేల్చాల."

కుముదవల్లికి ఎక్కడో గుబులుగా ఉండింది. "కొన్ని దినాలు తాళు కుప్పయ్యా. మద్రాసుకు రాస్తాను. జవాబు రానీ" అంది.

ఆమె రాసింది. ఆ ఉత్తరంలో ఉన్నదల్లా ఇంతే. మీ ప్రోగ్రాం సరిగా పనిచేయడం లేదు, ఫలితాలు తప్పుగా వస్తున్నాయి, రైతులు ఇబ్బంది పడుతున్నారు, వెంటనే సరిచేయగలరు. కుప్పయ్య నోటితో చెప్పిన నాలుగు నిలువులు, ఎనిమిది నిలువులు, ఏవీ అందులో లేవు. ఆఫీసు ఉత్తరమంటే అట్లాగే రాయాలనుకుంది.

జవాబు త్వరగానే వచ్చింది. "మీరు ఏ అంకెలు ఇచ్చారు, మిషను ఏమని చెప్పింది, నిజానికి ఏమని చెప్పాలి, ఈ మూడూ రాసి పంపండి. మా దగ్గర మాత్రం సరిగానే వస్తోంది" అని ప్రేమానందం రాశాడు. ఆమె కళ్ళు చివరి మాట దగ్గరే ఆగిపోయాయి. నీకు చేతకాలేదు అని మొహం మీద అన్నట్టు తోచింది. కాగితం మునికృష్ణకు చూపిస్తే ఆయనా అదే అన్నాడు. "వాళ్ళకు సరిగా వస్తా ఉండాదంటే తప్పు మన కార్డుల్లోనే ఉండల్ల."

రోషం కొద్దీ ఆమె ఆ ఏడు వేయించిన కాగితాలన్నీ, తప్పొప్పులన్నీ కలేసి పెద్ద కట్ట కట్టి మద్రాసుకు పంపింది. చూసుకోనీ, అనుకుంది. ఎక్కడ తప్పుందో, ఏ చేను అంకెలు నమ్మరానివో ఒక్క గుర్తు పెట్టలేదు. ఈసారి జవాబు రాలేదు.

కుప్పయ్య ఎన్నాళ్ళని కాచుకుంటాడు? రెండావులు నీళ్ళకు అరుస్తుంటే చూడలేకపోయాడు. మునికృష్ణ సారు చెప్పింది గుండు కదా, పగిలితే మెత్తనే కదా అనుకుని, బండకు రంధ్రాలు వేసి తూటాలు పెట్టించాడు. ఒకటి పేలలేదు. ఆరిపోయిందనుకుని చూడటానికి దిగాడు. అతను అడుగు చేరాక అది పేలింది.

ఆ కబురు కేంద్రానికి పాలవ్యాను డ్రైవరు తెచ్చాడు. కుముదవల్లి ఇంటికి పోయి తలస్నానం చేసి, తడి జుట్టుతోనే నడవలో కూర్చుండిపోయింది. కృష్ణస్వామి గారు అడిగీ అడిగీ, ఆమె చెప్పింది విన్నాక, "నువ్వు తూటా పెట్టలేదమ్మా" అన్నాడు.

"పెట్టలేదు నాయనా. తాళమన్నాను. ఎన్నాళ్ళు తాళాలో చెప్పలేకపోయినాను."

మరునాటినుంచీ ఆమె మళ్ళీ చేత్తో లెక్క మొదలుపెట్టింది. కుప్పయ్య చేని అంకెలే తీసుకుంది. చేతి లెక్కకు నాలుగు నిలువుల కిందినుంచి ఒట్టి బండే వచ్చింది. మిషనుకు మెత్తన ఎట్లా కనబడింది? ఆమె కార్డుల డబ్బా పక్కన పెట్టేసింది. నిజమైన చేన్లు వద్దనుకుంది. పైనుంచి కింది దాకా ఒకే తీరు నేల ఉన్నట్టు, అన్ని అంకెలూ ఒకటే వేసి మిషనుకిచ్చింది. అట్లా ఇస్తే అదే అంకె తిరిగి రావాలి, ఇంకే లెక్కా అక్కర్లేదు. తొమ్మిది వందలు ఇస్తే తొమ్మిది వందలే వచ్చింది. తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఇచ్చినా సరిగానే వచ్చింది. వెయ్యి ఇచ్చింది. సున్నా వచ్చింది. పన్నెండు వందల నలభై ఇస్తే రెండు వందల నలభై.

ఆమె ఇచ్చినవీ వచ్చినవీ పక్కపక్కన రాసుకుంది. ప్రోగ్రాం మూడంకెలే చదువుతోంది. నాలుగో అంకె ఉంటే మొదటిదాన్ని వదిలేస్తోంది. వెయ్యి దాటితే ఎండు బండ, రెండు వందలైతే తడి మెత్తన. వెయ్యి దాటిన గట్టి బండ మిషను కంటికి నీళ్ళున్న నేలగా కనబడుతోంది.

ఈసారి ఆమె రాసింది అర పేజీ. మీ ప్రోగ్రాంలో ఏ మార్పూ చేయలేదు. ఈ కార్డులు ఇచ్చాను. వెయ్యి రావాలి. సున్నా వచ్చింది. తొమ్మిది వందల తొంభై తొమ్మిదికి సరిగా వస్తుంది. నాలుగంకెల సంఖ్యకు మొదటి అంకె పోతున్నట్టుంది. కార్డులు జతచేశాను, మీరూ వేసి చూడండి. అంతే. చావు గురించి ఒక్క ముక్క రాయలేదు. రాస్తే అతను ఆ ముక్క దగ్గరే ఆగిపోతాడని భయపడింది.

ఆ వారంలోనే ప్రేమానందం సరిచేసిన కార్డులు చంకనబెట్టుకుని తానే వచ్చాడు. ఇంకా ముప్పై నిండనివాడు, మొదట పుత్తూరు మనిషే. వస్తూనే నవ్వు మొహంతో, "మేము రాసింది సముద్రపొడ్డు ఇసుక నేలల కోసమండీ. ఆడ వెయ్యి దాకా ఎప్పుడూ రాలేదు. మీరు పంపిన కార్డులు వేసిన నిమిషానికే తప్పు దొరికింది. ఇంత చక్కగా ఎవురూ చెప్పలేదు నాకు. ఎట్లా పట్టుకున్నారు?" అన్నాడు.

ఆమె చెప్పింది. మొదటినుంచీ, కుప్పయ్య తువ్వాలుతో సహా.

అతని నవ్వు ఆరిపోయింది. "మీరు పంపిన ఆ కట్ట నా బల్ల కింద ఉండాది. విప్పలేదు. తీరికున్నప్పుడు చూద్దామనుకున్నాను" అన్నాడు.

"విప్పినా అందులో మీకేమీ దొరికేది కాదు. వెతకమని విసిరేసినాను, అంతే."

"వెయ్యి వస్తే ఏమవుతుందని నేనే ఒకసారి వేసి చూసుకోవలసింది."

ఇద్దరూ కాలేజీకి పోయారు. సరిచేసిన ప్రోగ్రాంలో కుప్పయ్య చేని కార్డులు వేశారు. చేని నాలుగు మూలలా మునికృష్ణ తీసిన అంకెలు ఉన్నాయి. ఒక్కొక్క కాగితమే బయటికి వచ్చింది. అన్నిటా బండే. ఆ చేన్లో ఎక్కడా నీళ్ళు లేవు, ఉన్నాయని ముందు కూడా చెప్పి ఉండకూడదు.

ఈ మాట మునెమ్మకు ఎవరు చెప్పాలి? మునికృష్ణ తల అడ్డంగా ఊపాడు. ఆ పల్లెలో జీపు దిగే ధైర్యం ఆయనకు లేదు. కుముదవల్లి, ప్రేమానందం బస్సెక్కారు. దారి పొడవునా ఆమె మనసులో మెత్తటి మాటలు పేర్చుకుంటూనే ఉంది.

మునెమ్మ వాకిట్లో ఆవులకు ఎండుగడ్డి వేస్తోంది. వచ్చినవాళ్ళెవరో తెలిసి కూడా కసురుకోలేదు. చాప పరిచింది. కాసేపయ్యాక తానే అడిగింది.

"ఆ పక్క, చింతచెట్టు తట్టు తవ్వితే పడతాయంటారామ్మా? మా మరిది తవ్వుతానంటా ఉండాడు."

కుముదవల్లి పేర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఆగిపోయాయి. కావొచ్చు, చూద్దాం, మళ్ళీ సర్వే చేస్తాం, అట్లాంటి మాటలు అవి. "వద్దు మునెమ్మా" అంది. "నీ చేన్లో యాడా నీళ్ళు లేవు. చింతచెట్టు తట్టు కూడా ఒట్టి బండే. ఎవురినీ దిగనీకు. మేం ముందు చెప్పింది తప్పు. మిషను తప్పు చదివినాది, మేం నమ్మినాం."

మునెమ్మ చేతిలో గడ్డి అట్లాగే ఉండిపోయింది. ఆవు మెడ చాపి లాక్కుంది.

"ఈ మాటే నాలుగు వారాల ముందు చెప్పింటే" అని, మిగతాది అనలేదు. తర్వాత ప్రేమానందం వైపు చూసింది. "ఈయప్పెవురు?"

"మిషనుకు ఆ లెక్క నేర్పించింది నేనేనమ్మా" అన్నాడు అతను తల వంచుకుని.

"పిల్లోడివి" అంది మునెమ్మ. దానికన్నా తిట్టి ఉంటే అతను తట్టుకునేవాడు. తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని మొగిలి ఘాటు దిగేదాకా ఏడ్చాడు.

ఆ చేను బీడు పడింది. మునెమ్మ ఆవులను అమ్మేసి చిత్తూరికి వెళ్ళిపోయింది. బావి నోటికి కంపచెట్లు కొట్టి అడ్డం వేశారు.

కుముదవల్లి ఆ ఉద్యోగంలోనే ఉండిపోయింది. ప్రేమానందం ఏ కొత్త ప్రోగ్రాం రాసినా ముందు ఆమెకే పంపేవాడు, ఇది ఎక్కడ విరుగుతుందో చూడండి అని. ఆమె చూసేది. చిన్న చిన్న అంకెలతో, ఒక్కొక్క తప్పుకు ఒక్కొక్క ఉత్తరం రాసేది. కాలేజీ పిల్లలు, వేరే ఆఫీసులవాళ్ళు "మేడం, ప్రోగ్రాం పనిచేయలేదు" అని వచ్చేవాళ్ళు. ఆమె విసుక్కునేది కాదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఏమిచ్చినావు, ఏం రావాల, ఏం వచ్చింది అని, వాళ్ళ నోటినుంచే ఒక్కొక్కటీ రాబట్టి, వాళ్ళ చేతే రాయించేది. అందరూ ఆమెను మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకున్నప్పుడల్లా ఆమె మొహం మాడిపోయేది. ఎందుకో వాళ్ళకు తెలిసేది కాదు. కృష్ణస్వామి గారు ఎనభై ఆరులో పరమపదించాడు. ఆ తర్వాత ఇంట్లో ఆమె ఒక్కతే.

ఒక ఎండాకాలం ఆఫీసు పని మీద చిత్తూరు పోయింది. మామిడికాయల మండీ ముందు నడుస్తుంటే, గడ్డి పరిచి కాయలు ఏరుతున్న ఆడవాళ్ళలో మునెమ్మ కనిపించింది. జుట్టు సగం నెరిసింది. కుముదవల్లి తప్పించుకుపోదామనుకుంది గానీ కాళ్ళు కదల్లేదు. మునెమ్మ చూసి, లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"బాగుండారామ్మా?"

"ఉండాను. నువ్వు?"

"కాయలున్నంత కాలం పనికి కొదవ లేదు." కాసేపు ఆగి అడిగింది. "మీ మిషను చెప్పినతాన ఇప్పుడెవురికన్నా నీళ్ళు పడతా ఉండాయా?"

"పడతా ఉండాయి మునెమ్మా."

"పడనీ" అంది మునెమ్మ. మండీలోంచి ఎవరో కేకేశారు. ఆమె పోయి మళ్ళీ కాయల ముందు కూర్చుంది.