ఇది మనిషి గొంతు కాదు

ఖమ్మంలో విశ్రాంతమ్మ ముఖం తెలిసినవాళ్లు తక్కువ, గొంతు తెలియనివాళ్లు అంతకన్నా తక్కువ. ఇరవై ఆరేళ్లుగా ఆటో మైకుల్లో వినిపించే గొంతు ఆమెది. కంటి వైద్య శిబిరాలు, చీరల దుకాణాల తగ్గింపులు, సువార్త కూటాలు, తప్పిపోయిన ముసలివాళ్లు, చనిపోయినవాళ్లు, అన్ని కబుర్లూ ఆమె నోటి మీదుగానే ఊరికి చేరేవి. కూరగాయల బండి దగ్గర ఆమె బేరమాడితే, ఈ గొంతు ఎక్కడో విన్నానే అని బండివాడు తలెత్తి చూసేవాడు. ఆమె మాత్రం ఏమీ ఎరగనట్టు టమాటాలు ఏరుకునేది.

మొదట్లో రికార్డింగులు లేవు. సౌండ్ సర్వీసు నడిపే ఆంథోని ఒక ఆదివారం ఆమె చర్చిలో వాక్యం చదవడం విని పనికి పిలిచాడు. ఆటో నడిపేది జయరాజ్. వెనక సీట్లో మైకు పట్టుకుని ఆమె, ముందు అద్దంలో అతని కళ్లు. ఊరంతటికీ వినపడేలా మాట్లాడే మనిషి, పెళ్లి చేసుకుందామా అని అతను అడిగితే సరే అన్న ఒక్క మాట చెప్పడానికి వారం తీసుకుంది. ఆ వారం రోజులూ జయరాజ్ దారులు తప్పి ఒకే వీధిలో ఆటోను రెండేసి సార్లు తిప్పాడని ఆంథోని ఇప్పటికీ చెబుతాడు.

గోదావరి పొంగిన ఏడాదుల్లో భద్రాచలం నుంచి జీపు వచ్చి, ముంపు హెచ్చరికలు చెప్పించడానికి భార్యాభర్తలిద్దరినీ చర్ల వైపు తీసుకెళ్లేది. అక్కడ అడవి అంచు పల్లెల్లో తెలుగు కన్నా అక్కడి ఆదివాసుల భాషే ఎక్కువ. జంపక్క అనే ఆవిడ జీపెక్కి పక్కన కూర్చుని, నీళ్లొస్తున్నాయి లేవండి అనడం తన భాషలో నేర్పింది. విశ్రాంతమ్మ ఆ మాటలను అరచేతి మీద రాసుకుని గొంతు పోయేదాకా చెప్పింది. వరద తీశాక జంపక్క ఒక సంచీ నిండా ఇప్పపువ్వు తెచ్చి ఒళ్లో పెట్టింది.

"ఆఫీసు సార్లు చెప్తే వింటం. నువ్వు చెప్తే లేస్తం" అంది.

ఆ మాటను విశ్రాంతమ్మ ఎవరికీ చెప్పుకోలేదు గానీ, మనసు బాగాలేని రోజుల్లో దాన్ని తలుచుకునేది.

చావు కబురుకు ఆమెకొక పద్ధతి ఉండేది. కాగితం చేతికిస్తే చదివేసే రకం కాదు. పోయిన మనిషిని ఇంట్లో ఏమని పిలిచేవారో అడిగేది. ఆ పేరును లోపల రెండుసార్లు అనుకుని, అప్పుడు మైకు ముందు అసలు పేరు చదివేది. పోయినోళ్లు వింటారా అక్కా అని ఆంథోని ఆట పట్టిస్తే, ఇంటివాళ్లు వింటారని జవాబిచ్చేది.

రెండేళ్ల కింద జయరాజ్‌కు పక్షవాతం వచ్చింది. కుడివైపు పూర్తిగా పడిపోయింది. ఖానాపురం హవేలిలోని కిరాయి ఇంట్లో అతన్ని వదిలి ఆమె గంటసేపు కదిలే వీల్లేదు. అప్పుడే ఆంథోని ఒక ఉపాయం చెప్పాడు. రెండు రోజులు కూర్చుని రకరకాల వాక్యాలు చదివి పెడితే కంప్యూటర్ ఆమె గొంతు నేర్చుకుంటుందట, ఇక ఆమె ఇల్లు కదలక్కర్లేదట, ఆమె భాగం ఆమెకు నెలనెలా పంపిస్తాడట. అతని మనసులో కల్మషం లేదు, పంపించాడు కూడా. ఆ గొంతు దగ్గదు, అలసిపోదు. పోయినవాళ్లను ఇంట్లో ఏమని పిలిచేవారో మాత్రం ఎవరినీ అడగదు.

తర్వాత చట్టం వచ్చింది. యంత్రం చేసిన ఫొటో అయినా గొంతు అయినా ఆ సంగతి మొదట్లోనే తెలిసేలా చెప్పాలని. రావలసిన చట్టమే. కొడుకు గొంతుతో ఎవడో ఏడ్చి తల్లిదండ్రుల దగ్గర డబ్బు గుంజుతున్న రోజులివి. కాకపోతే, ఒకే గొంతు మనిషి దగ్గరా యంత్రం దగ్గరా ఉంటే ఏం చేయాలో ఆంథోనికి చెప్పినవాళ్లు లేరు. ఆ సంగతి చెప్పనందుకు పక్కవీధి షాపుకు నోటీసు వచ్చిందని తెలిసి అతనికి నిద్ర పట్టలేదు. హెచ్చరిక మాటను యంత్రంతోనే చదివించి చూస్తే, అది చీరల తగ్గింపు చెప్పినంత హుషారుగా చదివింది. చివరికి విశ్రాంతమ్మనే రమ్మన్నాడు.

పొరుగావిడను భర్త దగ్గర కూర్చోబెట్టి ఆమె వెళ్లి ఒక్కసారికే చదివేసింది. ఇది మనిషి గొంతు కాదు, యంత్రంతో తయారు చేసిన గొంతు.

ఇంటికొచ్చి భర్తకు జావ పోస్తూ నవ్వుతూ చెప్పింది. జయరాజ్ నవ్వలేదు. అతనికి ఒక్కో మాటా కష్టం మీద వచ్చేది. ఆ రోజు మాత్రం గిన్నె పక్కకు నెట్టి మరీ చెప్పాడు.

"నా కబురు నువ్వే చెప్పాలె. మిషన్ వద్దు."

మంచం పక్కన అతని చెల్లెలు కళావతి కూడా ఉంది, నేలకొండపల్లి నుంచి చూడ్డానికి వచ్చింది. ఇప్పుడవేం మాటలన్నా అని కసిరింది. విశ్రాంతమ్మ మాత్రం అతని ఎడమచెయ్యి పట్టుకుని మాటిచ్చింది.

తొలకరి పడిన వారానికి, ఒక మంగళవారం పొద్దున్నే జయరాజ్ కన్నుమూశాడు. శవాన్ని కడిగి తెల్లబట్టలు తొడిగాక, ఇరుగుపొరుగు ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి ఆమె షేర్ ఆటో ఎక్కింది. పాస్టర్ గారి కోసం వెళ్లిందనుకున్నారు వాళ్లు. ఆంథోని షాపులో పాత కుర్చీలోనే కూర్చుంది. ఇంట్లో పేరు ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. రాజయ్యా, రాజయ్యా అని లోపల రెండుసార్లు అనుకుంది. ఖానాపురం హవేలి వాస్తవ్యులు, ఆటో డ్రైవర్ జయరాజ్ గారు ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారని చదివింది. గొంతు ఎక్కడా వణకలేదు. ఎంతమందినో సాగనంపిన గొంతు, తన మనిషి కబురును పాడుచేయకూడదని పళ్లు బిగబట్టి చదివింది. ఆంథోని ఏదో అనబోయి, బండి తాను పంపిస్తానని మాత్రం అన్నాడు.

ఆమె ఇంటికొచ్చి శవం పక్కన కూర్చున్న గంటకు ఆటో వీధిలోకి తిరిగింది. ఏడుస్తున్నవాళ్లు ఆగి విన్నారు.

ఇది మనిషి గొంతు కాదు, యంత్రంతో తయారు చేసిన గొంతు. ఖానాపురం హవేలి వాస్తవ్యులు...

విశ్రాంతమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సిగ్గుతో చచ్చిపోయింది. భర్త ముఖం వైపు చూడలేకపోయింది. అప్పుడే బస్సు దిగి గుమ్మంలో నిలబడ్డ కళావతి చెప్పులు విప్పడం కూడా మరిచి ఆ మాటలు పూర్తిగా వింది. ఆటో ఆ చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చింది, మళ్లీ అదే చెప్పింది.

తెల్లపూల దండ పట్టుకుని ఆంథోని వచ్చాడు. ఆమె చూపు తట్టుకోలేక పక్కన చతికిలబడ్డాడు.

"రెండూ ఒక్కతీర్గనే ఉంటయక్కా. ఆఫీసరోళ్లు పట్టుకుంటే ఏది నీదో ఏది మిషన్‌దో నేనెట్ల చూపియ్యాలె? అందుకే నువ్వు చదివినదానికి కూడా ముందల ఆ మాట పెట్టిన."

ఆమె దండ అందుకుని శవం మీద పరిచింది. కనీసం ఏడుస్తూ చదివినా బాగుండేది అనుకుంది.

భూస్థాపన అయి జనం వెళ్లాక, సాయంత్రం కళావతి వదినకు టీ తెచ్చి పెట్టింది. కోపం లేదామెకు, దిగులే.

"అన్న ఒక్కటే అడిగె గదా వదినా. ఆ ఒక్కటన్న నీ నోటితోని చెప్పకపోతివి."

"నేనే చెప్పిన. షాపుకు పోయి చదివిన."

"అవ్ వదినా. నువ్వే చెప్పినవ్. టీ తాగు" అంది కళావతి, జ్వరం మనిషికి చెప్పినట్టు.

విశ్రాంతమ్మ టీ గ్లాసు పక్కన పెట్టి, వెన్ను నిటారుగా చేసి, ఆ ఖాళీ మంచం ఎదుట మొదలుపెట్టింది. ఖానాపురం హవేలి వాస్తవ్యులు, ఆటో డ్రైవర్... గొంతు అదే. నిలకడ అదే. ఆగిన చోట ఆగడం కూడా అదే.

కళావతి భయంగా ఆమె చెయ్యి పట్టుకుంది.

"అచ్చం మిషన్ లెక్కనే ఉంది వదినా" అంది.

విశ్రాంతమ్మ భర్త పేరు దాకా వచ్చి ఆగిపోయింది.