బెండు బావ, గోరువెచ్చని సముద్రం

మా బావని రేవులో అందరూ బెండు అనే పిలుస్తారు. మునగడం చేతకాక కాదు, రోజూ మునిగే ఉద్యోగమే ఆయనది. నది వచ్చి సముద్రంలో కలిసే చోట మా పడవల షెడ్డు ఉంది. పడవ అడుగున గుల్లలు అతుక్కుని, పాచి పట్టి, నడక మందగిస్తే బావ ఊపిరి బిగబట్టి కిందికి దిగి ఇనుప రేకుతో గీకేస్తాడు. పని అయ్యాక మాత్రం బుద్ధిగా గట్టెక్కి రాడు. వెల్లకిలా పడుకుని, చేతులు చాపి, కళ్ళు మూసుకుని తేలుతూ ఉంటాడు. పెద్ద అల వచ్చినా కాస్త పైకి లేచి మళ్ళీ కిందికి దిగుతాడు, అంతే.

ఆయన గీకిన పడవలు ఒడ్డుకి చేరాక వాటికి రంగు వేసేదాన్ని నేను. ఆయన భార్యకి చెల్లెల్ని కాబట్టి ఆయన్ని ఆటపట్టించే హక్కు నాకు ఎవరూ ఇవ్వక్కర్లేదు.

“బావా, నువ్వు మా అక్కని చేసుకున్నావా, సముద్రాన్ని చేసుకున్నావా?” అని అడిగేదాన్ని.

“మీ అక్క తిడుతుంది మరదలా, సముద్రం తిట్టదు” అనేవాడు, అక్కకి వినపడేలా.

ఆయన్ని ఎన్నడూ ఒక్క మాట అనని అక్క నవ్వేది కాదు. నాకూ మొదట్నుంచీ సముద్రమంటే పడదు. ఎంత చాకిరీ చేసినా మళ్ళీ గుల్లలు పట్టించి పంపుతుంది, మనల్ని పనివాళ్ళుగా పెట్టుకున్నట్టు. ఆ మాట బావతో అంటే జాలిగా చూసేవాడు నన్ను.

ఆ ఏడు ఎండలు ముదిరిపోయాయి. నీళ్ళలో చెయ్యి పెడితే పసిపిల్లల స్నానానికి వేణ్ణీళ్ళు తొలిపినట్టు గోరువెచ్చగా ఉండేవి. మధ్యాహ్నం షెడ్డులో రంగు వాసనకి తల తేలికైపోయేది. వెలుతురులో పడవలు నేలకి జానెడు ఎత్తున నిలబడినట్టు కనిపించేవి, వాటి వెనక నీళ్ళమీద బావ కదలకుండా పడుకుని ఉండేవాడు. అవి నిజంగా గడిచిన మధ్యాహ్నాలో, బ్రష్షు చేతిలో పట్టుకుని కునుకు తీస్తూ నేను కన్న కలలో, ఇప్పటికీ తేల్చుకోలేను. ఎందుకో ఆ రోజుల్లో ఆయన్ని చూస్తే సముద్రమంటే పడని నాక్కూడా కుళ్ళుగా ఉండేది. అంత హాయిగా ఇంకో మనిషి ఉండగా నేను చూడలేదు.

మా రేవులో ఒక అలవాటుంది. గుల్ల గీసుకున్నా, రేకు తగిలినా వెంటనే పైకి రారు. నెత్తురు ఆగేదాకా దెబ్బని ఆ ఉప్పునీళ్ళలోనే ఉంచుతారు. మంచినీళ్ళు తగిలితే చీము పడుతుందని వాళ్ళ నమ్మకం. సబ్బు పెట్టి కడుక్కునేవాణ్ణి చూసి పడీపడీ నవ్వుతారు. తాతల నాటి నుంచి ఎవరికీ ఏమీ కాలేదు గనక మేమంతా దాన్ని వైద్యమనే అనుకున్నాం.

బావకి ఒకప్పుడు కామెర్లు ముదిరి లివర్ దెబ్బతింది. మందు ముట్టొద్దు, నూనె తగ్గించు అన్నారు డాక్టర్లు. అవన్నీ తు.చ. తప్పకుండా పాటించాడు. నీళ్ళ జోలికి వెళ్ళొద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు గుల్ల అంచు తగిలి పిక్క మీద చర్మం చీరుకుపోయింది. వేలెడంత గీత. బావ అలవాటు ప్రకారం కాలు నీళ్ళలోనే ఉంచి, ఎప్పటిలా తేలుతూ కళ్ళు మూసుకున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను, రోజూ చూసే సంగతే కాబట్టి మళ్ళీ నా రంగులో నేను పడిపోయాను. సాయంత్రం కుంటుతూ ఇంటికి వెళ్ళాడు. అక్క అడిగితే “ఏం లేదు, గుల్ల ముద్దుపెట్టుకుంది” అన్నాడట.

తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది. అక్క కబురు పంపితే పరుగెత్తాను. పిక్క వాచి మోకాలితో కలిసిపోయింది. చర్మం ఊదారంగు తిరిగి మెరుస్తోంది, దానిమీద నల్లటి నీటిబొబ్బలు. బావ మా ఇద్దరికేసీ చూస్తున్నాడు గానీ మేం కనపడుతున్నట్టు లేదు.

“నీళ్ళు గదిలోకి వచ్చేశాయే. మంచం తేలుతోంది. భయపడకండి” అన్నాడు. కాసేపాగి, “కాలు మండుతోంది. ఒక్క బకెట్టు ఉప్పునీళ్ళు తెండి, తగ్గిపోతుంది” అన్నాడు.

అక్క నిజంగానే బకెట్టు అందుకుంది. మా అక్క నోట్లో నాలుక లేని మనిషి, ఆయన ఏదడిగితే అది తెచ్చిపెట్టడమే తెలుసు. బకెట్టు లాక్కుని వీధిలోకి విసిరేశాను. షెడ్డు వ్యాను తెప్పించి, ఎత్తి పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాం.

డాక్టరమ్మ కాలు చూస్తూనే దెబ్బ ఎలా తగిలిందని అడిగింది. అక్క నావైపు తిరిగింది. బావ “చిన్న గీతేనండీ” అని గొణిగాడు. నేనే చెప్పాను: గుల్ల గీసింది, నెత్తురు ఆగేదాకా సముద్రంలోనే పెట్టాడు, ఇదివరకు కామెర్లు వచ్చి లివర్ పాడైంది. లివర్ మాట వినగానే ఆవిడ నర్సుని కేకేసి మందులు ఎక్కించమంది. ఆ తర్వాతే మాతో మాట్లాడింది.

“ఉప్పునీళ్ళలో కొన్ని సూక్ష్మజీవులుంటాయమ్మా. నది కలిసే చోట, నీళ్ళు వేడెక్కినప్పుడు బాగా పెరుగుతాయి. తినే గుల్లల్లోనూ ఉంటాయి, పచ్చిగా తింటే పొట్టలోంచి రక్తంలోకి వెళ్తాయి. ఈయనకి గాయంలోంచి వెళ్ళాయి.”

“మరి రేవులో అందరూ అదే చేస్తారు కదండీ? వాళ్ళకేం కాలేదే?”

“ఒంట్లో బలం ఉన్నవాళ్ళు చాలామంది తట్టుకుంటారు. లివర్ బాగాలేనివాళ్ళ రక్తంలో ఇనుము ఎక్కువ తిరుగుతుంటుంది. అది వీటికి మేత. కాలిలో మాంసం చచ్చిపోతోంది. మోకాలి పైదాకా తీసేస్తే మనిషి దక్కొచ్చు. రేపటిదాకా చూద్దామంటే మాత్రం నేను మాటివ్వలేను.”



ఆ సమయంలో బావ ఏం చూస్తున్నాడో తర్వాత ఎప్పుడో నాకు చెప్పాడు. ఆసుపత్రి పైకప్పు నీళ్ళ పైభాగంలా మెల్లగా ఊగిందట. తను అడుగున పడుకుని ఉన్నాడట. పైన ఒకదాని వెనక ఒకటి పడవలు పోతున్నాయట, తను గీకినవే, ఒక్కదానికీ గుల్ల లేదట. చప్పుడు లేదు, నొప్పి లేదు, ఊపిరి పీల్చాలన్న తొందర కూడా లేదు. “అంత బాగుంటుందని తెలిస్తే ఎవరూ పైకి రారు మరదలా” అన్నాడు.

అందుకే కాబోలు, కాలు తీస్తామని డాక్టరమ్మ వంగి చెప్పినప్పుడు తల అడ్డంగా ఊపాడు.

“వద్దు. కాలు లేకపోతే పడవ కిందికి ఎలా వెళ్ళను? ఇలా వదిలెయ్యండి. బాగానే ఉంది.”

నేను అరిచాను, తిట్టాను, బతిమాలాను. ఆయన కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి. అప్పుడు అక్క నన్ను పక్కకి జరిపి, ఆయన మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని తనవైపు తిప్పుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని ‘మీరు’ అని తప్ప ఇంకోలా పిలవని మనిషి.

“ఇటు చూడు. నీకు సముద్రం కావాలా, నేను కావాలా? నువ్వు లేకుండా ఆ ఇంట్లో నేను ఒక్కదాన్నీ ఉండలేను. నాకు రాదు. కాలు లేకపోతే లేకపోయింది, నాకు నువ్వు కావాలి.”

బావ ఆమెని చూశాడు. ఎంతో దూరం నుంచి నడిచి వస్తున్నవాడిలా, మెల్లగా ఆయన చూపులోకి గుర్తు వచ్చింది.

“ఏడవకే” అన్నాడు. అక్క ఏడవడం లేదు. “సరే. తీసెయ్యమను.”

మనిషి దక్కాడు. కాలు మోకాలి పైదాకా పోయింది. చాలా వారాల తర్వాత ఇంటికి తెచ్చాం. ఆ సరికి షెడ్డులో కుళాయి పెట్టించి, సబ్బు తాడుకి కట్టించాను. దెబ్బ తగిలినవాడు అక్కడికి రాకపోతే నా నోటికి దొరికిపోతాడు. ఇప్పుడెవరూ నవ్వడం లేదు. గాయం మానకుండా నీళ్ళలోకి దిగేవాడూ లేడు.

ఇంటికొచ్చిన మొదటి సాయంత్రం బావని కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టాం. ఆ కిటికీలోంచి నీళ్ళు కనిపిస్తాయి. అక్క వెళ్ళి దాని తలుపు వెయ్యబోయింది.

“ఉంచవే” అన్నాడు బావ. “దానిమీద నాకేం కోపం లేదు. అది కావాలని చేసిందా? ఇన్నాళ్ళూ దానికి నేను తెలుసనుకున్నాను. దానికి నేనెవరో కూడా తెలీదు.”

“నాకుంది కోపం” అంది అక్క.

కిటికీ మూసి గడియ పెట్టింది. తర్వాత వచ్చి మంచం మీద, కాలు ఉండాల్సిన చోట కూర్చుంది. ఆసుపత్రిలో ఒక్క కన్నీటిబొట్టు రాల్చని మనిషి అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. బావ ఆమె వీపు నిమురుతూ ఉండిపోయాడు.