మార్చిలో అడిగిన విత్తనాలు

పరిశోధన నిధుల మీద అధ్యాపకులకు అవగాహన కల్పిస్తామని మా కాలేజీలో సదస్సు పెట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి తెర మీద ఒక్కొక్క పథకమే చూపించి, నిధులకు కొదవ లేదు, అడిగేవాళ్లకే కొదవ అన్నాడు. అందరం తలలూపాం. చాయ్ తాగేటప్పుడు కొత్తగా చేరిన లెక్చరర్ ఒకాయన, మన కాలేజీకి ఎప్పుడైనా ప్రాజెక్టు వచ్చిందా అని అడిగాడు.

"ఒకసారి వచ్చింది, బాటనీకి," అన్నాడు మా సీనియర్. "కాంట్రాక్టు మీద కోయపిల్ల ఒకామె ఉండె. నడుమనే ఇడిచిపెట్టి పోయింది. గాళ్లకు నిలకడ ఉండదు బై."

ఒళ్లు మండిపోయింది. ఆయన మీద ఎంత మండిందో నా మీద అంతకు రెండింతలు మండింది. ఎందుకంటే ఆ మాట ఆయన పుట్టించింది కాదు. నేను రాసి ఢిల్లీకి పంపిన నివేదికలో పుట్టింది. ఇన్నేళ్లుగా అదే మా స్టాఫ్ రూములో తిరుగుతోంది. ఆమె ఇడిచిపెట్టి పోలేదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఖమ్మం జిల్లాలో అడవి అంచున ఉన్న డిగ్రీ కాలేజీ మాది. గ్రేడు ఇచ్చే కమిటీ వస్తుందంటే ప్రిన్సిపాల్ హడావిడిగా ఒక గదికి 'పరిశోధన విభాగం' అని బోర్డు కొట్టించి నన్ను ఇన్‌చార్జిని చేశాడు. గదిలో ఒక బీరువా, రెండు కుర్చీలు. ఢిల్లీ నుంచి సర్క్యులర్లు వచ్చేవి, చాలావరకు గడువు దాటాకే. నిధులకు కొదవ లేదన్న ఆ పెద్దమనిషి అలాంటి గదిలో ఒక ఏడాది కూర్చుంటే తెలిసేది.

ఒకసారి గడువుండగానే ఒక సర్క్యులర్ చేరింది. దాన్ని చదివి నా దగ్గరికి వచ్చింది మా బాటనీలోని కాంట్రాక్టు లెక్చరర్ ఒక్కతే. పర్ణశాల దారిలోంచి అడవిలోకి తిరిగితే వచ్చే కోయ ఊరు ఆమెది.

"మా దిక్కు ఒక్కో ఇంటికి ఒక్కో తీరు జొన్న ఉంటది సర్. అనుములు, సామలు కూడ గంతే. ఇప్పుడందరు పత్తికి పోతున్నరు. ఇంకొన్నేండ్లకు అడిగినా దొరకవు," అంది.

నెల రోజులు కూర్చుని ఆమే ప్రతిపాదన రాసింది. కానీ కాంట్రాక్టు వాళ్లు దరఖాస్తు చేసే వీల్లేదు. ప్రాజెక్టు నా పేరు మీద వెళ్లింది. ఆమె పేరు కింద, సహాయకురాలిగా.

"మీ పేరే ఉండనీయండి సర్. ఈ పని మీద నాకు పీహెచ్‌డీల సీటు దొరికితే చాలు," అంది. యూనివర్సిటీలో ఒక ప్రొఫెసరు, ప్రాజెక్టు పూర్తిచేసి రా, చేర్చుకుంటానని ఆమెకు మాటిచ్చాడు. పీహెచ్‌డీ లేకపోతే ఎన్నేళ్లు పాఠం చెప్పినా కాంట్రాక్టే. ఆమెకున్న దారి అదొక్కటే.

మంజూరైంది. డబ్బు మాత్రం చలికాలం పోయాక వచ్చింది. మార్చి ముగిసేలోపు ఖర్చు చూపాలి, సేకరణ చూపాలి. లేకపోతే రెండో విడత రాదు. ప్రతిపాదనలో ఆమె సేకరణ అంతా వానలు మొదలయ్యాక అని రాసింది. ఆ ఊళ్లలో విత్తనాల పండుగ, వాళ్ల మాటలో పండుం, జరిగేదాకా ఏ ఇంటి విత్తనమూ గడప దాటదు. ఆ పేజీ కింద నా సంతకం ఉంది. ఢిల్లీలో దాన్ని ఎవరూ చదవలేదు. సంతకం పెట్టేటప్పుడు నేనూ పట్టించుకోలేదు.

"ఢిల్లీకి వానలు తెల్వవు సర్, మార్చి తెలుసు," అని నవ్వాడు ఆఫీసు సూపరింటెండెంటు.

అడిగి చూద్దామని ఆమెను వెంటబెట్టుకుని వాళ్ల ఊరు వెళ్లాను. ఆమె మేనమామ ఊళ్లో పెద్ద. వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టాడు. ఇంట్లో పొయ్యి పైన దూలానికి ఆకు పొట్లాలు, సొరకాయ బుర్రలు వేలాడుతున్నాయి. నాకు కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి, చెయ్యి చాపితే అందేటట్టు.

"ఇయ్యమని ఎవలన్నరు సారూ. ఇస్తం. ముందుగాల పండుం కావాలె," అన్నాడు.

"ఎక్కువ వద్దు. ఇంటికో పిడికెడు చాలు."

"పిడికెడైనా గడప దాటినట్టే గద." నా మొహం చూసి నవ్వాడు. "మీ కాడ పరీక్ష కాకముందే మార్కులు ఏస్తరా సారూ?"

ఆమె పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"వాన పడంగనే పండుం చేస్తం. నేనే తెస్త మీ కాలేజికి," అన్నాడాయన. "మా ఇండ్ల పేర్లు రాసి సీసలల్ల పెడతరని బిడ్డ చెప్పింది. మంచిదే."

తిరిగొచ్చి ప్రిన్సిపాల్‌కు చెప్పాను. "ఏందయ్యా, వాళ్ల పండుగకు మనం ముహూర్తం చూడాల్నా? బజార్ల జొన్నలు దొరకవా?" అన్నాడు.

దొరికాయి. భద్రాచలం బజారులో జొన్నలు, అనుములు, సామలు కొన్నాను. సీసాల్లో పోశాను. ఆమె ముందే రాసిపెట్టుకున్న ఇళ్ల పేర్లు చీటీల మీద రాసి అంటించాను. అవసరమైతే ఎంత పనైనా చేయగలనని ఆ రోజు నాకు తెలిసింది.

మర్నాడు ఆమె బీరువా ముందు చాలాసేపు నిలబడింది.

"మా మామ ఇయ్యలే గద సర్. ఆయన పేరెట్ల రాసిన్రు?"

"నివేదిక కోసమే అమ్మా. వానాకాలం అసలువి వచ్చాక మార్చేద్దాం."

"మార్చరు సర్." గొంతు పెంచలేదు. "పండుం కాకముందే మా ఊరు విత్తనం ఇచ్చిందని రాసిన్రు మీరు. రేపు ఎవలన్న చదివితే మా మామ మొకం ఏడ పెట్టుకుంటడు? మావోళ్ల పేర్లు తీసెయ్యండి. లేకుంటే నేను సంతకం పెట్టను."

ఆమె సంతకం లేకుండా నివేదిక వెళ్లదు. ఆమె మానేసిందని రాస్తే వెళ్తుంది. ఉపాయం ప్రిన్సిపాల్ చెప్పాడు, వాక్యం నేను రాశాను: సహాయకురాలు వ్యక్తిగత కారణాల వల్ల స్వచ్ఛందంగా వైదొలిగారు. రెండో విడత వచ్చింది. పై ఏడాది ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. నడుమలో వదిలేసిన మనిషిని తీసుకోలేనని ప్రొఫెసరు కబురు పంపాడు. ఆమె ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు సైన్సు చెప్పడానికి వెళ్లిపోయింది.

వానల దాకా గడువు కావాలని ఢిల్లీకి ఒక్క ఉత్తరం రాస్తే ఏం జరిగేదో నాకు తెలియదు. ఇచ్చేవాళ్లేమో. ఆ ఒక్కటీ తప్ప అన్నీ చేశాను. అడిగేవాళ్లకు కొదవ అన్నాడే, ఒకామె అడిగింది. ఆమెను బయటికి పంపించాం.

ఆ ఏడాదే తొలకరి పడ్డాక ఒక మధ్యాహ్నం ఆమె మేనమామ నా గది ముందుకు వచ్చాడు. భుజాన తడిసిన సంచి. బల్ల మీద ఆకు పొట్లాలు ఒక్కొక్కటే పెట్టి, ఏది ఎవరింటిదో చెప్పుకుంటూ పోయాడు.

"సేకరణ పని అయిపోయింది పెద్దాయనా," అన్నాను.

"బిడ్డ చెప్పింది. పోవద్దన్నది కూడ." నా వెనక తెరిచి ఉన్న బీరువాలోని సీసాల వైపు చూశాడు. "మీకు మాటిచ్చిన గద అని వచ్చిన."

ఆయన పొట్లాలు మళ్లీ సంచిలో సర్దుకున్నాడు.

"అక్కర లేకుంటే తీస్కపోత సారూ. అదును పోతది," అని వాన తెరిపి ఇవ్వకముందే వెళ్లిపోయాడు.

సదస్సు రోజున చాయ్ గ్లాసు కింద పెట్టి, అందరి ముందూ అన్నాను, ఆమె పోలేదు, నేనే పంపించాను అని. "ఇప్పుడెందుకు సార్ గా ముచ్చట," అన్నాడు సీనియర్. కొత్త లెక్చరర్ వేరే దిక్కుకు చూశాడు. ఆ సాయంత్రం ఆశ్రమ పాఠశాలకు ఫోన్ చేసి ఆమెను పిలిపించాను. నివేదికలో రాసింది అబద్ధమని ఢిల్లీకి రాస్తానన్నాను.

"రాయండి సర్," అంది. ఏం సంతోషపడలేదు. "సీసలు ఇంకా ఉన్నయా?"

"ఉన్నాయి."

"పేర్లు తీసెయ్యమన్న గద అప్పుడు. ముందుగాల అది చెయ్యండి."

పొద్దున్నే బీరువా తెరిపించాను. లోపలి గింజలు పురుగు పట్టి పిండయ్యాయి. చీటీలు మాత్రం గట్టిగా ఉన్నాయి. తడిగుడ్డ పెట్టి, గోటితో గీకి, ఒక్కొక్కటే ఊడదీశాను. అన్నిటికన్నా గట్టిగా పట్టుకుని ఉన్నది ఆమె మేనమామ ఇంటి చీటీ. దాన్ని నేనే బాగా అంటించినట్టున్నాను.