అన్నీ కలిపి కట్టే మా బావమరిది

మా బావమరిదికి రెండు వస్తువులు విడివిడిగా కనిపిస్తే ఒళ్ళంతా దురద. కలిపి కట్టేదాకా కుదురుండదు. గొడుగు అడిగితే గొడుగు, తువ్వాలు, జలుబు మాత్రలు ఒకే తాడుతో కట్టి ఇస్తాడు. పెన్ను అడిగిన పాపానికి ఒకసారి నాకు స్టూలు కూడా వచ్చింది.

"ఇదెందుకురా?"

"నిలబడి రాస్తే నడుం పట్టేస్తుంది కదా బావా!"

ఇంట్లో అందరికీ వాడంటే ప్రాణం. నాకు మాత్రం కుళ్ళు. వాడు మా ఆఫీసులోనే చేరాక ఆ కుళ్ళు ముదిరింది.

మా కంపెనీ కంటి ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. అది ఒంటరిగా పనిచేయదు. ముందు డేటాబేస్, తర్వాత ఫాంట్లు, కెమెరా డ్రైవరు, ప్రింటరు డ్రైవరు... ఇలా ఓ బలగాన్నంతా వరసగా ఎక్కించాలి. వరస తప్పితే అంతా చెరిపేసి మళ్ళీ మొదలు. ఆ వరస నాకొక్కడికే వచ్చు. నేను గుమ్మంలో అడుగుపెడితే చాలు, డాక్టరుగారే లేచి కుర్చీ ఇచ్చేవారు. నా పెళ్ళిలో కూడా నాకంత మర్యాద జరగలేదు.

అలాంటి నా రాజ్యంలో వాడు వేలు పెట్టాడు. "ఇన్ని ముక్కలేంటి బావా, చూడలేకపోతున్నా!" అంటూ అన్నిటినీ ఒకే ఇన్‌స్టాలర్‌లో కుక్కేశాడు. ఒక్క బటన్ నొక్కితే ఏది ముందో ఏది వెనకో అదే చూసుకుంటుంది.

పాడవుతుందని ఆశగా ఎదురుచూశాను. పాడవలేదు. ఓ ఆసుపత్రిలో రిసెప్షనిస్టు ఒక చేత్తో ఫోన్ పట్టుకుని రెండో చేత్తో ఆ బటన్ నొక్కేసిందట.

మర్నాడు మేనేజరు పిలిచాడు. "వారం రోజులు మీరు ఆఫీసుకి రానక్కర్లేదు."

"ఉద్యోగం పోయినట్టేనా సార్?"

"సెలవండీ బాబూ! మీ బావమరిది నా ప్రాణం తీశాడు. 'మా బావ తన కూతురితో ఎటు బయల్దేరినా దారిలోనే ఆసుపత్రి ఫోను వస్తోంది. ఇన్‌స్టాలర్ చేసిస్తాను, ఆయనకి సెలవిస్తారా?' అని బేరం పెట్టాడు. చేసిచ్చాడు. ఇవ్వక చస్తానా?"

ఇంటికెళ్తే మా ఆవిడ, కూతురు ప్రయాణానికి సిద్ధం. ముగ్గురి బట్టలూ వాడు ఒకే బ్యాగులో కూరాడు. ముగ్గురం పట్టినా అది నేల వదల్లేదు.

సముద్రం ఒడ్డున ఫోన్ ఒక్కసారీ మోగలేదు. నా కూతురు నన్ను ఇసుకలో పరుగులు పెట్టించింది. ఆయాసంతో కూలబడితే, ఒళ్ళో వాలి గారంగా అంది: "నాన్నా, మావయ్య కూడా వస్తే ఎంత బాగుండేదో!"

మళ్ళీ కుళ్ళు. ఆ కుళ్ళుతోనే వాడికి ఫోన్ చేశాను.

"వెంటనే బయల్దేరు. ఒక్కడివే రా, ఏమీ కట్టుకురాకు!"

"ఒక్కణ్ణే ఎలా బావా? మేనేజరుగారు కూడా సముద్రం చూసి చాలా ఏళ్ళయిందట. కలిపి తీసుకొస్తా!"