బొగ్గు పెట్టని పార్సిల్

ఆ రాత్రి అక్కడ ఉన్నవాళ్ళనీ, ఉన్నవాటినీ ముందు చెప్తాను. నేను. నరేష్. మా బాపు పాత మోటర్ సైకిల్. ఒక చికెన్ నూడుల్స్, ఒక ప్లేట్ చికెన్ లాలీపాప్, రెండూ ఒకే పాలిథిన్ కవర్లో. సగం చార్జింగ్ ఉన్న నా ఫోన్. ఇంతే. వీటిలో ఒక్కటి కూడా నేను కల్పించలేదు. మేం తాగి లేము. ఇద్దరికీ ఆ అలవాటు లేదు. నమ్మకం కుదరకపోతే నరేష్‌ని అడగండి అనేవాణ్ణే... కానీ ఈ సంగతి ఎత్తితే వాడు లేచి వెళ్ళిపోతాడు.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో. నాది నల్గొండలో డిప్లొమా ఆఖరి సంవత్సరం.

మా సాయంత్రాలన్నీ కాలేజీ రోడ్డు మలుపులో యాదగిరన్న ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గరే గడిచేవి. బండి కనపడకముందే వినపడేది. గరిటెతో కడాయి అంచు మీద... టింగ్, టింగ్, టిటింగ్. తర్వాత సాస్ మాడిన వాసన. ప్లాస్టిక్ స్టూళ్ళలో ఒకదానికి కాలు విరిగి ఉండేది, కొత్తగా వచ్చినవాణ్ణి దాని మీద కూర్చోబెట్టి నవ్వేవాళ్ళం. నేను, నరేష్, శివ. ఒక ప్లేటు, మూడు స్పూన్లు. శివ క్యాబేజీ ఏరి మా వైపు తోసేవాడు. తిన్నాక ముగ్గురం మా బాపు బండి ఎక్కి గడియారం సెంటర్ దాకా ఊరికే ఒక రౌండ్. ముగ్గురం ఎక్కితే వెనక షాక్ అబ్జార్బర్ ప్రతి గుంతలో కింద తగిలి ఠక్కుమనేది. ఇద్దరమే ఉంటే ఎంత పెద్ద గుంతైనా ఆ చప్పుడు రాదు. ఇది గుర్తుపెట్టుకోండి. శివ ఆ ఏడు మహబూబ్‌నగర్‌లో పని దొరికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి వాడు లేడు.

యాదగిరన్నకు ఒక పద్ధతి ఉండేది. పార్సిల్ అంటే చాలు, తలెత్తకుండానే "టౌన్లనేనా, ఊళ్లెకా?" అని అడిగేవాడు. ఊరికి అంటే పొట్లానికి రబ్బరు బ్యాండు వేసే ముందు ఒక బొగ్గు ముక్క పెట్టేవాడు. ఆయనది గ్యాస్ పొయ్యి, బొగ్గు ఎక్కడిది? పక్కన ఇస్త్రీ బండి అతని దగ్గర రోజూ గుప్పెడు తీసుకొని డబ్బాలో పోసుకునేవాడు. రాత్రిపూట కోడికూరో, మాంసమో పట్టుకొని ఊరి తోవన పోతే వెంట ఏదో పడుతుందని మా వైపు నమ్మకం. బొగ్గు ఉంటే దగ్గరికి రాదట. నేను నవ్వేవాణ్ణి. బొగ్గు వాసన పీలుస్తుంది, కుక్కలు వెంటపడవు, అంతే అని చెప్పేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు. రాత్రి ఎనిమిది దాటితే ఊళ్ళకు చికెన్ అసలు కట్టేవాడే కాదు, బొగ్గు పెట్టి కూడా. బేరం పోయినా సరే.

ఇప్పుడు నరేష్ వాళ్ళ అవ్వ గురించి చెప్పాలి. వాళ్ళ నాయిన చిన్నప్పుడే పోయాడు. అమ్మ కూలికి పోతే వాణ్ణి పెంచింది అవ్వే. ఆ వేసవిలో అవ్వ మంచం పట్టింది. ముద్ద మింగడం మానేసింది. కళ్ళు కూడా తెరవడం లేదు. ఊళ్ళో మందులిచ్చే డాక్టరు వచ్చి చూసి, ఒక సూది వేసి, ఇంక నీళ్ళు పోస్తూ ఉండండి, చుట్టాలకు చెప్పుకోండి అన్నాడట. మర్నాడు పొద్దుపోయాక వాళ్ళమ్మ ఫోన్ చేసింది. అవ్వ ఒక్క మాట మాట్లాడిందట. నరేష్ ఒకసారి తీసుకుపోయిన నూడుల్స్ అడిగిందట.

వాడు నా గదికి పరుగెత్తుకొచ్చేసరికి తొమ్మిది దాటింది.

"అయిదొద్దుల సంది ఏం ముట్టలేదురా. గీయాల నోరు తెరిచి అడిగింది. గా పొడుగు సేమ్యాలు తెమ్మన్నదంట. తింటె బతుకుతదిరా మా అవ్వ."

వాడి గొంతు వింటూనే తాళాలు అందుకున్నాను. బండి తీశాను.

యాదగిరన్న కడాయి కడిగే పనిలో ఉన్నాడు. టౌన్లనేనా, ఊళ్లెకా... అదే ప్రశ్న. నేను నోరు తెరిచేలోపే నరేష్ జవాబు చెప్పేశాడు.

"రూముల తింటమన్నా."

యాదగిరన్న ఒకసారి నరేష్ మొహం చూశాడు. ఒకసారి మా మోటర్ సైకిల్ వైపు చూశాడు. పొయ్యి వెలిగించాడు. వాళ్ళమ్మకు కూడా ఉంటుందని నరేష్ లాలీపాప్ చెప్పాడు, ఎముక ఉన్నవి. యాదగిరన్న పొట్లాలు కట్టాడు. రబ్బరు బ్యాండ్లు వేశాడు. కవర్ మూతి ముడివేశాడు. బొగ్గు పెట్టలేదు. కవర్ కాలిపోతోంది. నేను రెండు వేళ్ళతో పట్టుకొని హ్యాండిల్‌కు తగిలించాను.

టౌన్ దాటాక దేవరకొండ రోడ్డు మీద కొంతదూరం బాగానే వెళ్ళాం. లారీలు, దాబా లైట్లు. తర్వాత నరేష్ వాళ్ళ ఊరికి ఎడమకు తిరగాలి. మట్టి దారి. ఒక పక్క బత్తాయి తోట, ఇంకో పక్క రాళ్ళ గుట్ట. మనిషి అలికిడి లేదు. బండి లైటు ఇంజన్ మీద నడిచేది, వేగం తగ్గితే లైటు మసకబడుతుంది. గుంతలు చూసుకుంటూ మెల్లగా పోతున్నా.  ఉన్నట్టుండి నరేష్ నా భుజం తట్టాడు.

"జర ఆపురా."

ఎందుకని అడిగితే, వేపచెట్టు కనపడ్డదన్నాడు. బొగ్గు లేకపోతే వేపాకు పెట్టినా చాలని అవ్వే చెప్పేదట. యాదగిరన్నకు అబద్ధం చెప్పినప్పటి నుంచి వాడికి అదే దిగులు. నాకు నవ్వొచ్చింది. కానీ వాడి అవ్వ... వాడి భయం. సరే అని బండి ఆపి స్టాండ్ వేశాను. ఇంజన్ ఆగింది. లైటు పోయింది. ఒక్కసారిగా... ఎంత చీకటంటే, నా చెయ్యి నాకే కనపడలేదు.

ఫోన్ టార్చి వేసి ఇద్దరం చెట్టు కిందికి పోయాం. బండికీ చెట్టుకీ మధ్య ఒక లారీ పట్టేంత దూరం. నేను టార్చి పైకి పట్టాను, నరేష్ ఎగిరి కొమ్మ వంచాడు. ఆకులు రాలిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. గాలి లేదు. తోటలో బోరు మోటరు కూడా నడవడం లేదు.

అప్పుడు... బండి వైపు నుంచి.

గరగర.

పాలిథిన్ కవర్ చప్పుడు. గాలికి ఊగితే వచ్చేది కాదు. ఒకరు కూర్చొని, తొందర లేకుండా, ముడి ఎక్కడుందో వేళ్ళతో వెతికితే వచ్చే చప్పుడు. గరగర... ఆగింది... మళ్ళీ గరగర.

కుక్క అనుకున్నాను. ఛీ, పో అన్నాను. నరేష్ కొమ్మ పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు.

టప్.

రబ్బరు బ్యాండు. ఊడి తగిలిన చప్పుడు. ఏళ్ళ తరబడి రోజూ సాయంత్రం విన్న చప్పుడది, పొరపడను. కొద్దిసేపాగి ఇంకొకటి. టప్.

టార్చి తిప్పాను. బండి ఉంది. హ్యాండిల్ ఉంది. కవర్ వేలాడుతోంది. నెమ్మదిగా... లోలకంలాగా... ఇటూ అటూ. దగ్గర కుక్క లేదు, పిల్లి లేదు. మట్టిలో మా చెప్పుల గుర్తులు, బండి టైర్ల గుర్తులు తప్ప ఇంకే గుర్తూ లేదు. నేను వంగి చూశాను. బాగా చూశాను.

కవర్ ముడి వేసినట్టే ఉంది. పైనుంచి తడిమాను. పొట్లాలకు రబ్బరు బ్యాండ్లు రెండూ వేళ్ళకు తగిలాయి, ఉన్నచోటే ఉన్నాయి. కానీ చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కవర్ చల్లగా ఉంది. ఆరిపోయి కాదు... చల్లగా. రంజన్ కుండలో నీళ్ళలాగా. అది ఎండాకాలం. రాత్రి గాలి కూడా వేడిగా ఉంది. వేడి వస్తువు ఆరితే చుట్టూ ఉన్న గాలి అంత వేడికి వచ్చి ఆగుతుంది. గాలికన్నా చల్లబడదు. ఇది నేను పాసైన సబ్జెక్టు. అప్పటినుంచి ఎన్నిసార్లు ఆలోచించానో, ఆ ఒక్కదానికీ నాకు లెక్క దొరకలేదు.

నరేష్ వేపకొమ్మ పట్టుకొని నా పక్కకు వచ్చాడు. కవర్ ముడిలోకి కొమ్మ దూర్చబోయి ఆగాడు. చాలా మెల్లగా అడిగాడు.

"ఇప్పుడు పెడితె... అది బయట్నే ఆగుతదా? లేకుంటె లోపలున్నది బయటికి రాకుంటైతదా?"

 అక్కడ ఇంకొక్క నిమిషం కూడా నిలబడాలని లేదు. పెట్టు, పోదాం పా అన్నాను. వాడు కొమ్మను ముడిలో గట్టిగా బిగించాడు.

బండి మొదటి కిక్కుకే లేచింది. దానికే నాకు ఇంకా భయమేసింది, ఎందుకంటే మా బాపు బండి ఎప్పుడూ మొదటి కిక్కుకు లేవదు. బయల్దేరాం. మూడో గేర్లో లాగడం లేదు. రెండోదానికి తెచ్చాను. మొదటి గుంత వచ్చింది.

ఠక్.

ఇద్దరమే ఉన్నాం. వెనక్కి తిరగలేదు. నరేష్ కూడా విన్నాడు. ముగ్గురం ఎక్కినప్పుడు మధ్యవాడు ముందుకు జరిగి కూర్చోవాలి. వాడు అట్లా జరిగాడు, నా వీపుకు అతుక్కొని. ఎందుకు జరిగావని నేను అడగలేదు.  ఊరు వచ్చేదాకా ప్రతి గుంతలో... ఠక్. ఠక్.

వాళ్ళమ్మ వాకిట్లోనే ఎదురుచూస్తోంది. కవర్ అందుకుంటూనే బొగ్గు పెట్టారా అని అడిగింది. వేపాకు పెట్టామన్నాడు నరేష్. ఆమెకు తృప్తి కలిగింది. కొమ్మ తీసి పక్కన పడేసింది. లోపల బల్బు కింద అవ్వ మంచం. అవ్వ గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. ఎముకల మీద చర్మం. వాళ్ళమ్మ ముడి విప్పింది. రబ్బరు బ్యాండు తీసింది. టప్.

అవ్వ ఇటు తిరిగింది.

ఐదు రోజులుగా పక్క మార్చడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చిన మనిషి. లేచి కూర్చుంది. ఎవరూ పట్టుకోలేదు. కళ్ళు తెరిచింది. ప్లేట్ దగ్గరికి లాక్కుంది. అవ్వ ఎప్పుడు తిన్నా మొదటి ముద్ద కళ్ళకద్దుకునేది, ఆ ఇంట్లో తిన్న ప్రతిసారీ నేను చూశాను. ఆ రాత్రి అద్దుకోలేదు. తింది. తల ఎత్తకుండా... ఒక్కొక్క పోగూ లాగుతూ... నూడుల్స్ అయిపోయాయి. లాలీపాప్ అందుకుంది. అవ్వకు నోట్లో ఒక్క పన్ను లేదు. కటక్. కటక్. ఆ చప్పుడు గదంతా వినపడింది. తర్వాత ప్లేట్లో ఎముక ముక్క ఒక్కటి కూడా లేదు.

వాళ్ళమ్మ ఏడుస్తోంది, సంతోషంతో. నా అత్త నాకు దక్కిందని దండాలు పెడుతోంది. నరేష్ నా వైపు చూశాడు. అవ్వ నోరు తుడుచుకొని వాడి వైపు చూసింది. గొంతు అవ్వదే.

"ఇంక లేదారా?"

వాడు కదలలేదు. ఎవరు బతకాలని అంతదూరం పరుగెత్తాడో... ఆ మనిషి పిలుస్తుంటే దగ్గరికి పోలేదు. ఆ రాత్రి ఇద్దరం వాకిట్లో బండి పక్కనే కూర్చున్నాం, తెల్లారేదాకా.

నేను చాలామందిని అడిగాను. పోయే ముందు ఒక్కసారి ఓపిక వస్తుందన్నారు. అట్లా వచ్చిన ఓపిక ఒకటి రెండు రోజులుంటుందట. ముందు రోజు వేసిన సూది పనిచేసి ఉండొచ్చన్నారు. కావచ్చు. చిగుళ్ళు గట్టిపడితే ఎముకలూ నమలొచ్చన్నారు. అది కూడా కావచ్చు. చీకట్లో భయపడ్డ ఇద్దరు పిల్లల చెవులను నమ్మడానికి లేదన్నారు. ఒప్పుకుంటాను. కవర్ చల్లదనం తప్ప మిగతా ఒక్కొక్కదానికీ ఒక్కొక్క కారణం ఉంది. అన్నిటికీ కలిపి ఒకటి దొరకడం లేదు.

అవ్వ వారంలోపే నడిచింది. రోజూ వేపపుల్లతో చిగుళ్ళు రుద్దుకునే మనిషి అది మానేసింది. ఆ వానాకాలంలో వాకిట్లో ఉన్న వేపచెట్టును కొట్టించింది. నీడ ఎక్కువైందన్నదట. నరేష్ మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనికి కుదిరాడు. ఇంటికి పోతే పగలు పోతాడు, పొద్దుగూకకముందే తిరిగొస్తాడు. వాడి అవ్వ బతికే ఉంది. వాడు మాత్రం, ఎప్పుడైనా మాటల్లో వస్తే, 'మా అవ్వ ఉన్నప్పుడు' అంటాడు. నేను సరిచేయను.

పోయిన నెల ఊళ్ళో ఆరోగ్య శిబిరం పెడితే వాళ్ళమ్మ అవ్వను కూడా తీసుకుపోయింది. తొంభై ఐదు దాటిన మనిషని డాక్టరు బీపీ రెండుసార్లు చూశాడట. రెండుసార్లూ నూట ఇరవై, ఎనభై.