ఎడమ అంచున గొడుగు మనిషి

ఆ రోజుల్లో నాకు రెండు ఉద్యోగాలుండేవి. మొదటిది గొలుగొండలో ఒక ప్రభుత్వ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోవడం. దానికి జీతం ఇచ్చేవారు. రెండోది, సాయంత్రం బస్సు దిగి నర్సీపట్నంలో ఇంటికి రాగానే కాళ్లయినా కడుక్కోకుండా మళ్లీ ఇంకో కంప్యూటర్ ముందు కూర్చుని, పాత సినిమాల బొమ్మ ఎంత బాగుందో, ఎంత చెడిందో ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్లతో పోట్లాడటం. దీనికి ఎవరూ ఏమీ ఇచ్చేవారు కాదు, తిట్లు తప్ప. అయినా మొదటి ఉద్యోగంలో ఎన్నడూ చూపించని శ్రద్ధ ఈ రెండోదానిలో చూపించాను. అప్పటికి నాకు ముప్ఫై నిండలేదు, పెళ్లై ఏడాది కాలేదు. (మా ఆవిడ ఈ మాట చదివి, "ఆ ఏడాదంతా నీ వీపే చూశాను" అంది. రాయమంది, రాశాను.)

నాకు ప్రాణంతో సమానమైన సినిమా ఒకటుంది. పేరు చెప్పను. చెబితే ఈ వ్యాసం కింద కూడా గొడవ మొదలవుతుంది, అందులో మొట్టమొదట దూకేది నేనే అవుతాను. మా పైనున్న ఏజెన్సీ కొండల్లో తీసిన సినిమా అది. నేను పుట్టకముందే వచ్చింది. ఆ ఏడు అది బ్లూరేగా వస్తోందని తెలిసి, విశాఖపట్నం వెళ్లి డిస్కూ, అది ఆడే ప్లేయరూ కొనుక్కొచ్చాను. తెచ్చిన రోజే ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. ఒక పార్టీ నేను. రెండోది ఎక్స్‌రే బావ. మా అమ్మ తరఫున వరసకి బావ అవుతాడు. ఊళ్లో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు కాబట్టి అందరికీ ఎక్స్‌రేయే. నా వాదన ఏమిటంటే, పాత ఫిల్ములో సన్నటి ఇసక చల్లినట్టు కదిలే చుక్కలుంటాయే, దాన్నే గ్రెయిన్ అంటారు, అదే సినిమాకి ప్రాణం. ఈ డిస్కు చేసినవాళ్లు దాన్ని తుడిచేసి మనుషుల్ని మైనపు బొమ్మలు చేశారు, పైగా పసుపుగా ఉండాల్సిన ఎండని తెల్లగా చేశారు అని. బావ వాదన ఒక్కటే: "ఇసకుంటే కడుక్కోవాలి గానీ, ఇసకే అందమంటావేట్రా? ఎండ తెల్లగానే ఉంటాది. పసుపుగా ఉంటే కామెర్లు."

ఇదిలా సాగుతుండగా మాకవరపాలెం నుంచి మా పెద్దత్త, అంటే మా నాన్న అక్క, కంటి ఆపరేషన్‌కి వచ్చింది. రెండు కళ్లకీ శుక్లాలు. ఒక కంటికి ఇప్పుడు, రెండోదానికి తర్వాత అన్నారు డాక్టరు గారు. ఆపరేషనై నల్లద్దాలతో మా ఇంటికొచ్చిన సాయంత్రమే గోడకున్న పెద్ద టీవీ వైపు తిరిగి, "ఒరే బాబూ, ఆ సినిమా కొన్నావంట గదా. కన్ను కుదురుకున్నాక ఒకసారి ఎయ్యి. మీ మావయ్యని సూడాలి" అంది.

ఇక్కడ మావయ్య సంగతి చెప్పాలి. ఆయన జీపు డ్రైవరు. షూటింగ్ వాళ్లు కెమెరా పెట్టెలు కొండ మీదికి మొయ్యడానికి ఆయన జీపు మాట్లాడుకున్నారు. సంత సీను తీసేరోజు జనం చాలక, ఈయన చేతికో గొడుగిచ్చి, అటు నుంచి ఇటు నడవమన్నారు, కెమెరా వైపు మాత్రం చూడొద్దన్నారు. అంతే. సినిమా వచ్చాక మొగుడూ పెళ్లాం ఊళ్లోని హాలుకి వెళ్లారు. వెడల్పు సినిమా, ఇరుకు తెర. బొమ్మ రెండు పక్కలా తెర దాటి గోడమీద పడేదట. మావయ్య సరిగ్గా ఎడమ గోడమీద, ఫ్యాను పక్కన, పెచ్చులూడిన నీలం సున్నం మీద నడిచి వెళ్లిపోయాడు. "ఓలే, తెర మీదకి కూడా నోచుకోలేదే" అని ఆయన నవ్వితే హాలంతా తిరిగి చూసిందట. తర్వాత టీవీలో ఎన్నిసార్లు వేసినా ఆ సీనులో ఆయన లేడు. మావయ్య పోయి అప్పటికి పదేళ్లు. గోడమీద మావయ్య కథని అత్త కొడుకే నమ్మడు. అందరం తలూపి ఊరుకునేవాళ్లం.

"ఫొటోలున్నాయి కదత్తా" అన్నాన్నేను.

"ఫొటోల్లో నిలబడే ఉంటాడ్రా. నడిసింది అందులోనే ఉంది" అంది అత్త.

ఈ మాట విన్నాక మనిషన్నవాడు ఏం చెయ్యాలి? సినిమా వెయ్యాలి. నేనేం చేశానో చెబుతాను. డాక్టరు గారు టీవీ చూడొచ్చన్న తర్వాత వచ్చిన మొదటి ఆదివారం అత్తని కుర్చీలో కూర్చోబెట్టి డిస్కు పెట్టాను. పేర్లు పడటం మొదలవగానే ఆపాను. "చూశావా బావా, అక్షరాల వెనక ఆకాశం! ఒక్క చుక్క గ్రెయిన్ లేదు." బావ లేచి టీవీకి ముక్కానించాడు. "ఆకాశంలో సుక్కలు రాత్రి ఉంటాయిరా, పగలుండవు." మళ్లీ వేశాను. హీరో వచ్చాడు. ఆపాను. చొక్కా రంగు మీద అరగంట. రంగులు పెంచాను, తగ్గించాను, లైటార్పాను, కిటికీకి దుప్పటి కట్టాను. భోజనాల వేళయింది. హీరో ఇంకా గడపలోనే ఒక కాలు లేపి నిలబడున్నాడు. అత్త నల్లద్దాలు తీసి, ముందు ఒక కన్ను, తర్వాత రెండో కన్ను మూసి చూసింది.

"ఈ కంటికి నువ్వన్న పసుపే కనబడతంది. ఆపరేషన్ సేసిన కంటికి బావన్న తెలుపే కనబడతంది. ఇద్దరూ నెగ్గినారు. ఇంక బొమ్మ ఎయ్యండర్రా, బేగి."

మా ఆవిడ వంటింట్లోంచి, "ముందు వాళ్లిద్దరికీ చేయించాల్సింది ఆపరేషను" అంది. ఆ రోజు హీరో గడప దాటలేదు.

రెండో ఆదివారం. మర్నాడు అత్త వెళ్లిపోతుంది, ఊళ్లో కోడలికి నెలలు నిండుతున్నాయి. పొద్దున్నుంచీ నాకు ఒక చోట కాలు నిలవలేదు. అత్తకి సినిమా చూపించాలన్న ఆత్రం కాదది. ముందు రోజు రాత్రి ఇంటర్నెట్‌లో ఒకడు నా గ్రెయిన్ సిద్ధాంతాన్ని ఎగతాళి చేశాడు, వాడికి సాక్ష్యం కావాలి. బావ రాగానే హీరోని దగ్గరగా తీసిన చోట ఆపి, రిమోట్‌తో బొమ్మని ఇంకో మెట్టు పెద్దది చేశాను, చెంప టీవీ నిండా వచ్చేలా. "ఇది చర్మమా, మైనమా, నువ్వే చెప్పు."

"నున్నగా గీసుకున్నాడు. అదేటి తప్పా?"

"రోజూ ఎముకలు చూసేవాడివి, నీకు మొహాలేం తెలుస్తాయి బావా?"

అనకూడదు. ఆ ముందు ఏడాది ఒక పెద్ద డాక్టరు అందరి ముందూ ఇలాంటి మాటే అన్నాడని, బావ వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదని నాకు తెలుసు. తెలిసే అన్నాను. బావ చెప్పులు వేసుకుని, "అత్తా, నాకు డ్యూటీ ఉంది" అని వెళ్లిపోయాడు. ఆదివారం ఆయనకి డ్యూటీ ఉండదు.

ఆ కోపంలో సినిమా వేశాను, ఈసారి ఆపకుండా. నేను బొమ్మ చూడలేదు, తప్పులు చూశాను. పక్కన కాగితం పెట్టుకుని రాసుకున్నాను కూడా. సంత సీను రాగానే అత్త కుర్చీ అంచుకి జరిగింది. చేతిలో ఉన్న కంటి చుక్కల సీసా అలాగే పట్టుకుంది. బుట్టలు వెళ్లాయి, మేకలు వెళ్లాయి, హీరోయిన్ గాజులు బేరమాడింది. సీనైపోయింది.

"లేడు" అంది అత్త.

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ ఒంటరిగా ఉన్నప్పుడు గుర్తొచ్చి, బస్సులో ఉన్నా సరే "ఛ" అని పైకే అనేస్తాను. "అంతమందిలో ఎవరినో చూసి మావయ్య అనుకునుంటావత్తా. అప్పటి ప్రింట్లు అంత క్లియర్‌గా ఉండేవి కావు" అన్నాను. బొమ్మ గురించి తెలిసినవాడి గొంతుతో అన్నాను.

అత్త వాదించలేదు. "అయ్యుండొచ్చు నాయినా" అని లేచి బట్టలు సర్దుకోవడానికి వెళ్లింది. సోమవారం పొద్దున్నే బస్సెక్కించాను. కిటికీలోంచి, "మీ బావతో మాట్లాడు" అంది, అంతే.

మంగళవారం ఆఫీసులో ఏ పనీ సాగలేదు. ఏదో పోగొట్టుకున్నట్టు, జేబులు తడుముకుంటున్నట్టు ఉంది. సాయంత్రం అలవాటుగా ఇంటర్నెట్ తెరిచాను. నన్ను ఎగతాళి చేసినవాడే కొత్త గొడవ మొదలెట్టాడు. సంత సీను బొమ్మ ఒకటి పెట్టి, ఎడమ చివర ఎర్ర గీతతో సున్నా చుట్టి, ఇలా రాశాడు: ఇంత ఖర్చు పెట్టి శుభ్రం చేసినవాళ్లు, కెమెరా వైపు చూస్తున్న ఈ గొడుగు మనిషిని చెరిపెయ్యలేకపోయారా, సీనంతా పాడుచేశాడు అని.

సున్నాలో మావయ్య ఉన్నాడు. చంకలో గొడుగు, ఆయనకి ఎప్పుడూ ఉండే, కాస్త జారిన ఎడమ భుజం. నా వైపే చూస్తున్నాడు.

నాకు అర్థం కావడానికి నిమిషం పట్టింది. లేచి టీవీ పెట్టాను. వెడల్పు సినిమాకి పైనా కిందా ఉండాల్సిన నల్లపట్టీలు లేవు. బావతో పోట్లాటలో చెంప చూపించడానికి పెద్దది చేసిన బొమ్మని నేను మళ్లీ మామూలు చెయ్యనేలేదు. ఇన్నాళ్లూ టీవీ వాళ్లు చేసినట్టే, సినిమా మొత్తం రెండు పక్కలా కోసేసి చూపించాను. చుక్క చుక్కకీ లెక్క అడిగేవాడికి, బొమ్మలో రెండు అంచులు మాయమైన సంగతి రెండు గంటలపాటు కనబడలేదు. ఒక ఆడమనిషి ఎన్నాళ్లుగానో మోస్తున్న నిజాన్ని ఒక బటన్‌తో అబద్ధం చేసి, పైగా ఓదార్చాను.

ముందు బావ ఇంటికి వెళ్లాను. ఏం చెప్పాలో నేర్చుకుని వెళ్లాను గానీ, గుమ్మంలోనే నా తప్పూ, మావయ్య సంగతీ, ప్లేయరు పట్టుకుని అత్త దగ్గరికి వెళ్లాలన్నదీ అంతా కలిపి అనేశాను. ఆయన విని విని, "టీవీ కూడా పట్టికెళ్దామా?" అన్నాడు. గోడకి బిగించిన టీవీ రాదన్నాను. "సరే పద. నీ కోసం కాదు, అత్త కోసం."

మర్నాడు ఇద్దరం సెలవు పెట్టి, ప్లేయర్ని తువ్వాల్లో చుట్టి, మాకవరపాలెం షేరాటో ఎక్కాం. నా ఒళ్లో ప్లేయరు, దాని మీద ఎవరిదో కూరగాయల సంచి. దారిపొడుగునా ఆటో ప్రతి ఇంటి దగ్గరా ఆగుతుంటే నా మోకాలు దానంతటదే ఊగుతోంది. "ఆపరా, ఆటో నువ్వు తోసినా బేగి ఎల్లదు" అన్నాడు బావ.

అత్త అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. "ఏట్రా ఇద్దరూ ఒకేసారి ఊడిపడ్డారు? ఎవులికి బాగోలేదు?"

"అత్తా, మావయ్య ఉన్నాడు. నేనే కోసేశాను."

"ఏటి కోసీసావు?"

బావ విడమరిచి చెప్పాడు. అత్త చేతులు కడుక్కుని లోపలికొచ్చింది. వాళ్ల టీవీ పాత డబ్బా టీవీ, వెనక పెద్ద బుర్ర ఉన్నది. మూడు రంగుల వైర్లు తగిలించాం. ఎందుకో రంగు రాలేదు. బొమ్మ తెలుపూ నలుపూ. పైనా కిందా సగం టీవీ నల్లపట్టీలే, మధ్యలో జానెడు సినిమా. నా మొత్తం జీవితంలో అంతకంటే అధ్వాన్నమైన బొమ్మ చూడలేదు. వైరు కదిపితే రంగొస్తుందేమోనని టీవీ వెనక్కి చెయ్యి పెట్టాను.

"కదపకు" అంది అత్త.

నేల మీద, టీవీకి మూరెడు దూరంలో కూర్చుంది. శుక్లం ఉన్న కంటిని అరచేత్తో మూసుకుంది. సంత వచ్చింది. ఎడమ అంచున బొటనవేలంత మనిషి గొడుగు చంకలో పెట్టుకుని, ఒక భుజం జార్చి, నాలుగడుగులు వేసి, మా వైపు తిరిగి చూసి, గాజుల బండి వెనక్కి వెళ్లిపోయాడు.

అత్త ఏడుస్తుందని భయపడ్డాను. తిట్టింది. "సూడొద్దని సెప్పినారు గదా. సూసీసినాడు. ఎప్పుడిన్నాడు గనక సెప్పిన మాట." కంటి మీంచి అరచెయ్యి తియ్యకుండానే, "మళ్లీ ఎయ్యి" అంది.

ఎన్నిసార్లు వేశామో లెక్కపెట్టలేదు. బావ రిమోట్ పట్టుకున్నాడు, నేను పట్టుకోలేదు. గ్రెయిన్ ఉందో లేదో చూడలేదు. ఆరోసారో ఏడోసారో గమనించాను, అత్త పెదవులు అడుగులు లెక్కపెడుతున్నాయి. చివరికి లేచి, మోకాళ్లు దులుపుకుని, "బొమ్మ బాగుందిరా" అని టీ పెట్టడానికి వెళ్లింది.

ఆ ప్లేయరూ డిస్కూ అక్కడే వదిలేసి వచ్చాం. (ఇంటర్నెట్‌లో నా సిద్ధాంతం అనాథ అయింది. ఎవరూ వెతుక్కోలేదు.) రెండో కంటికి కూడా ఆపరేషనయ్యాక అత్త ఫోన్ చేసి, "ఇప్పుడు రెండు కళ్లకీ మీ బావే కరెట్టురా" అని నవ్వింది. ఆ తర్వాత చాలా ఏళ్లే బతికింది. ఇప్పుడు లేదు.

నాకిప్పుడు చత్వారం వచ్చింది. అద్దాలు తీస్తే ఫోన్లో గ్రెయినూ లేదు, మైనమూ లేదు. మొన్న పొద్దున గొలుగొండ బస్సులో ఉండగా బావ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ఆ సినిమా ఇంకా కొత్తగా, ఇంకా నాణ్యంగా శుభ్రం చేసి వదిలారట, రంగులు మళ్లీ మార్చారట, నువ్వు చూస్తే గుండె ఆగిపోతుందన్నాడు. వేళ్లు దురదపెట్టాయి. రంగు గురించి పెద్ద పేరా టైపు చేశాను. చేసి, చెరిపేసి, వేరే ప్రశ్న రాశాను: "ఎడమ పక్కన ఉన్నాడా?"

బస్సు రెండు స్టాపులు దాటే దాకా జవాబు రాలేదు. వాళ్లు ఈసారి నిజంగానే చెరిపేసి ఉంటే అన్న ఆలోచనతో కండక్టరు ఏదో అడిగినా వినబడలేదు. ఫోన్ టింగుమంది.

"ఉన్నాడు. సూస్తన్నాడు."

"అయితే ప్రింటు బాగున్నట్టే" అని రాశాను. ఆ ఇంటర్నెట్ కుర్రాడు, అదే, ముప్ఫై నిండని నేను, ఈ ఒక్క వాక్యం చూసుంటే వారం రోజులు నాతో పోట్లాడేవాడు. పోట్లాడనిచ్చేవాణ్నే గానీ, ముందు వాడి చేతిలోంచి రిమోట్ లాక్కునేవాణ్ని.