బుద్ధుడి చేతి దారం

మా గుడిలో ఆరువందల ఏళ్ల నాటి పటం ఒకటుంది. పట్టుబట్ట మీద, కొండల వెనక నుంచి దిగివస్తున్న అమిద బుద్ధుడి బొమ్మ. ఆయన రెండు చేతుల దగ్గరా బట్టకి చిల్లులు పొడిచి ఐదు రంగుల దారాలు కట్టారు. ఊళ్లో ఎవరికైనా ఆఖరి ఘడియ వస్తే పటాన్ని వాళ్లింట్లో వేలాడదీసి, దారం కొస చేతిలో పెడతాం. ఊపిరి ఆగేదాకా వదలకుండా పట్టుకుంటే బుద్ధుడి వెంట పడమటనున్న ఆయన పుణ్యలోకానికి పోతారు.

ఆ పటం మోసుకెళ్లే పని నుయి అవ్వది. నలభై ఏళ్లు చేసింది. నోరు మాత్రం మిరపకాయే. నేను పూజారి భార్యగా వచ్చిన కొత్తలో పటం వంకరగా చుడితే, "బుద్ధుణ్ణి చుడుతున్నావా, చాప చుడుతున్నావా తల్లీ?" అంది.

ఊరందరికీ దారం అందించిన ఆ చెయ్యి సొంత మొగుడి దగ్గర తప్పు చేసింది. క్యూజో కొండ మీద బొగ్గులు కాల్చేవాడు. అతను పోయిన మధ్యాహ్నం గాలివాన. అతని ఊపిరి ఆగిపోయిందనుకుంది అవ్వ. ఇంటికప్పు కారుతోంది, పటం తడిసిపోతుందని అతని వేళ్లలోంచి దారం లాగేసి గబగబా చుట్టేసింది. వెనక్కి తిరిగి చూస్తే క్యూజో కళ్లు తెరిచి ఉన్నాడు. అతని చెయ్యి చాప మీద దారం కోసం తడుముతోంది. పటం మళ్లీ విప్పేలోపే ఆ చెయ్యి ఆగిపోయింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో చాప మీద గోళ్ల చప్పుడు. పట్టపగలే. బియ్యం కడుగుతూ కడుగుతూ ఆగి, "నీకు వినబడట్లేదూ?" అనేది. లేదనేదాన్ని. అబద్ధం. ఒకసారి అక్కడ టీ తాగుతుంటే నాకూ వినబడింది. ఆ తర్వాత ఆ గడప తొక్కాలంటే భయం వేసేది.

మొన్న చెర్రీపూలు రాలే రోజుల్లో అవ్వకి ఆఖరి ఘడియ వచ్చిందని కబురొచ్చింది. పటం నేనే మోసుకెళ్లాను. దారం చేతిలో పెడితే పక్కకి తోసేసింది.

"పట్టుకో అవ్వా. మొండితనానికి ఇదా సమయం?"

"నేను బుద్ధుడి వెంట అటు పోతే మా ఆయన్నెవరు చూస్తారే? ఇంకా ఇక్కడే తడుముకుంటున్నాడు గదా."

"నీకు నరకమొస్తే?"

"రానీ. ఇద్దరం ఉంటాం."

కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. బలవంతంగా వేళ్లకి చుట్టబోతే చెయ్యి లాగేసుకుని, అరచెయ్యి పైకి పెట్టి చాప మీద చాచింది.

"ఇటు రావయ్యా," అంది.

చప్పుడు గోడవార నుంచి మొదలైంది. చాప పొడుగునా మెల్లగా దగ్గరకొచ్చింది. ఆమె చెయ్యి దగ్గర ఆగింది. ఖాళీగా ఉన్న ఆమె వేళ్లు దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి.